పీహెచ్‌డీ టాపిక్ మళ్లీ తిప్పి పంపిండు గైడ్, ఏం తీస్కోవాల్నో చెప్పండి

జగిత్యాల_పోరడు
సోషియాలజీల పీహెచ్‌డీ చేస్తున్న. కోర్స్‌వర్క్ అయిపోవస్తున్నది, ఇగ సినాప్సిస్ (ఏం పరిశోధన చేస్తనో చెప్పే కాగితం) పెట్టాలె. నేను ఇచ్చిన టైటిల్ "తెలంగాణలో నిరుద్యోగ సమస్య – ఒక సామాజిక అధ్యయనం". సార్ చూసి నవ్విండు, ఇది టాపిక్ కాదు నాయనా, అసెంబ్లీల పెట్టాల్సిన చర్చ అన్నడు. సరే అని "యువతపై సోషల్ మీడియా ప్రభావం" అని తీస్కపోతే అదీ వద్దంట, ఇప్పటికే కుప్పలు కుప్పలు ఉన్నయంట. ఆయనేమో స్వయం సహాయక సంఘాల మీద చెయ్యి, మీ జిల్లానే తీస్కో అంటడు. నాకు దాని మీద మనసు లేదు. వచ్చే నెల కమిటీ ముందర కూసోవాలె. అసలు మీకందరికి టాపిక్ ఎట్ల దొరికింది? నెట్‌ల టాప్ హండ్రెడ్ టాపిక్స్ అని కొడితే అన్నీ ఒకటే తీరుగున్నయి.

నిద్రపోని_స్కాలర్
అసెంబ్లీ డైలాగ్ అదిరింది. మా గైడ్‌కి అందులో సగం హ్యూమర్ ఉన్నా నేనీపాటికి సబ్మిట్ చేసేవాణ్ణి.

గోదారి_గట్టు
గైడ్ చెప్పింది తీసేసుకో తమ్ముడూ, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోడానికేం లేదు. పీహెచ్‌డీ అంటే డిగ్రీ, జీవితాశయం కాదు. నేను కామర్స్‌లో మా గైడ్ గారు ఇచ్చిందే చేశా, ఆయన దగ్గర అప్పటికే ప్రశ్నావళి ఉంది, చదవాల్సిన పేపర్లున్నాయి, ఏ బ్యాంకులో ఎవర్ని కలవాలో ఆయనకి తెలుసు. నచ్చిందా అంటే నచ్చలేదు. అయిపోయిందా అంటే అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు తీరిగ్గా నచ్చింది చదువుకుంటున్నా. నాతోపాటు చేరి "నాదైన టాపిక్ కావాలి" అన్నోళ్లు ఇంకా క్యాంపస్‌లో టీలు తాగుతున్నారు.

నిద్రపోని_స్కాలర్
టీ తాగేవాళ్లని ఎందుకు మధ్యలోకి లాగుతారండీ

తార్నాక_దుమ్ము
గట్టు గారూ, కామర్స్‌లో నడిచింది అన్ని చోట్లా నడవదు. పోరడా, ముందొక పని చెయ్యి, థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధగంగ తెరిచి స్వయం సహాయక సంఘాలు, మహిళా సాధికారత అని కొట్టి చూడు. డ్వాక్రా 1980ల మొదట్లో వచ్చింది, అప్పట్నుంచి జిల్లా పేరు మార్చి అదే థీసిస్ రాస్తూనే ఉన్నారు. నేను తిరగేసినవాటిల్లో ముగింపు కూడా దాదాపు ఒకటే, ఆదాయం పెరిగింది, ఆత్మవిశ్వాసం పెరిగింది, శిక్షణ ఇంకా ఇవ్వాలి. సంఘాల మీద కొత్త ప్రశ్న ఉండదని కాదు, చాలా ఉన్నాయి. కానీ మనసు లేనివాడికి అవి కనపడవు.

నీ మొదటి టైటిల్‌తో ఇబ్బంది అది పెద్దదని కాదు, అందులో అడిగింది ఏమీ లేదు. నిరుద్యోగం ఉందని అందరికీ తెలుసు. నీకు తెలియనిదేంటి? ఒక్క వాక్యం రాయి, చివర ప్రశ్నార్థకం పెట్టి.

జగిత్యాల_పోరడు
అక్కా, రాస్తున్న. "తెలంగాణల చదువుకున్నోళ్లకు ఉద్యోగాలు ఎందుకు వస్తలేవు?"

కోఠి_సెకండ్‌హ్యాండ్
కోర్టు కేసుల వల్ల తమ్మీ. అయిపోయింది నీ థీసిస్. వైవా ఎప్పుడు, బిర్యానీ ఎక్కడ?

లెక్కల_లచ్చన్న
ఆ ప్రశ్న మా ఎకనామిక్స్ వాళ్లకే ఇంకా తెగలేదు, నువ్వు ఒక్కడివి తెంపుతవా. పైగా దానికి కావల్సిన లెక్కలు ఏడున్నయో ఆలోచించినవా? జనాభా లెక్కలు అంటే 2011వి, ఆ తర్వాత లేవు, 2021ల జరగాల్సింది ఇంక ఇప్పుడు 2027కి పోయింది. నీ జిల్లా తీస్కుందమన్నా 2011ల జగిత్యాల జిల్లానే లేదు, కరీంనగర్‌ల ఉండె. 2016 అక్టోబర్‌ల పది జిల్లాలు 31 అయినయి, 2019ల 33 అయినయి. కాబట్టి "ఇరవై ఏండ్లల్ల మా జిల్లాల ఏం మారింది" అని ఎవడన్నా టైటిల్ పెడితే ముందు ఒక ఏడాది మండలాలు కలిపి కూడుకునుడే సరిపోతది. నేను చూసిన ఒకాయన పాత రంగారెడ్డికి, కొత్త రంగారెడ్డికి తేడా తెల్వక రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "జనాభా తగ్గింది" అని రాసిండు. బయటికెళ్లి వచ్చే ఎగ్జామినర్ ఊకుంటడా మరి.

ఉద్యోగాల మీద పీఎల్ఎఫ్ఎస్ అని సర్వే 2017 నుంచి వస్తున్నది, యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కొక్క ఇంటి లెక్క, ఫ్రీగనే దొరుకుతది. రాష్ట్రం మొత్తానికి అయితే పనికొస్తది. నువ్వు సోషియాలజీ అంటున్నవు, అంకెల మీద ఆధారపడే టాపిక్ నీకు అవసరమా అని నా డౌట్.

రిటైరైన_మాస్టారు
లచ్చన్న చెప్పింది ముఖ్యమైన విషయం. బాబూ, నిన్ను ఒకటి అడుగుతాను. పీహెచ్‌డీలో చేరకముందు ఏం చేసేవాడివి? ఎక్కడ ఉండేవాడివి?

జగిత్యాల_పోరడు
పీజీ అయినంక గ్రూప్స్‌కి ప్రిపేర్ అయిన సార్, హైదరాబాద్ అశోక్ నగర్‌ల. రూం మేమందరం కలిసి తీస్కున్నం, పొద్దున లేసి చిక్కడపల్లి లైబ్రరీకి పోయేది. లేటయితే సీటు దొరకదు, అప్పుడు ప్రైవేట్ స్టడీ హాల్‌ల నెలకింత అని కట్టి కూసునేది. ఆడ ఒక్కొక్కరికి చిన్న డబ్బా లెక్క ఉంటది, ముందర అట్ట, పక్కన అట్ట, ఒక లైటు, ఒక ప్లగ్ పాయింట్. టిఫిన్‌కి పోతే సీటు మీద టవలన్నా బాటిలన్నా పెట్టి పోవాలె. ఎదురుంగ అట్ట మీద ఇదివరకు కూసున్నోళ్లు రాసిపోయినవి ఉండేటివి, 2022 గ్రూప్ వన్ అని రాసి కొట్టేసి ఉంటది, దాని కింద 2023 అని రాసి కొట్టేసి ఉంటది, దాని కింద వేరేటోళ్ల చేతిరాత. నేను గూడ రాసిన ఏదో. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎప్పుడూ ఒకటే అడిగేది, ఈసారి అయితదా అని. దీనికి టాపిక్‌కి సంబంధం ఏంది సార్?

తార్నాక_దుమ్ము
సంబంధం ఏందా??

నిద్రపోని_స్కాలర్
దొరికిపోయాడు

రిటైరైన_మాస్టారు
సంబంధం ఏమిటంటే, పైన నువ్వు రాసిన రెండు టైటిళ్లు ఎవరైనా రాయగలరు. ఈ పేరా నువ్వు తప్ప ఇక్కడ ఎవరూ రాయలేరు. అట్ట మీద సంవత్సరాలు కొట్టేసి ఉన్నాయన్నావు చూడు, అక్కడ ఆగు. వాళ్లలో ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లిపోయారు, ఎవరు చెబితే వెళ్లిపోయారు? ఇది ప్రశ్న. మీ సార్‌కి ఇది చెప్పి చూడు.

కోఠి_సెకండ్‌హ్యాండ్
ఇప్పుడు జోకులు పక్కన పెడుతున్న. నేను ఆ బ్యాచే. 2022 ఏప్రిల్‌ల గ్రూప్ వన్ నోటిఫికేషన్ పడ్డది, 503 పోస్టులు, తెలంగాణ వచ్చినంక మొట్టమొదటి గ్రూప్ వన్. అక్టోబర్‌ల ప్రిలిమ్స్ రాసినం. 2023 మార్చిల పేపర్ లీకని రద్దు. జూన్‌ల మళ్ల రాసినం. సెప్టెంబర్‌ల హైకోర్టు అది గూడ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల కొత్త నోటిఫికేషన్, 563 పోస్టులు, జూన్‌ల మళ్ల ప్రిలిమ్స్, అక్టోబర్‌ల మెయిన్స్. మెయిన్స్ మీద మళ్ల కోర్టు. అంటే ఒకే ప్రిలిమ్స్ మూడు మాట్ల రాసిన జనం ఉన్నరు భూమ్మీద. రద్దయిన ప్రతిసారి రూంల నుంచి కొంతమంది సామాను కట్టుకున్నరు. ఎవరు కట్టుకున్నరు, ఎవరు కట్టుకోలే అని నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. బాగ చదివెటోడు పోయిండు, అంతంత మాత్రం చదివెటోడు ఇంకా ఆడనే ఉన్నడు.

తార్నాక_దుమ్ము
సెకండ్‌హ్యాండ్ అన్నా, నువ్విచ్చింది టైమ్‌లైన్ కాదు, చాప్టర్లు. మామూలుగా ఇలాంటి స్టడీలో "ఎప్పట్నుంచి ఎప్పటిదాకా" అని చెప్పడానికి తంటాలు పడతారు. ఇక్కడ పరీక్షే కాలాన్ని ముక్కలు చేసి ఇచ్చింది.

హాస్టల్_సాంబారు
ఎవరు కట్టుకున్నరో నాకు తెలుసు. మేము. ఆడపిల్లలం. మా అన్న, నేను ఇద్దరం ఒకే నోటిఫికేషన్‌కి ప్రిపేర్ అయినం. మొదటిసారి రద్దయినప్పుడు అన్నకు నాన్న "ఏం కాదు బిడ్డా, మళ్ల రాయి" అన్నడు, నాకు అదే వారం సంబంధం చూసిండు. నా ప్రిలిమ్స్ మార్కులు అన్న కంటే ఎక్కువ. నేను గట్టిగ నిలబడితే ఇంకొక్క ఛాన్స్ అన్నరు. జూన్‌ది గూడ పోయింది, ఇంటికి పోయిన. అన్న ఇప్పటికీ చిక్కడపల్లిల ఉన్నడు, నాకిద్దరు పిల్లలు. దీని మీద ఎవరన్నా రాస్తే చదవాలని ఉన్నది నాకు.

జగిత్యాల_పోరడు
అక్కా... నాకు ఈ మాట ఎప్పుడూ తోచలే. మా స్టడీ హాల్‌ల లేడీస్ సెక్షన్ ఖాళీ అయితుంటే ఫీజు పెంచిండ్రు గందుకే అనుకున్న.

హాస్టల్_సాంబారు
ఫీజు గూడ ఒక సాకే. ఇంట్ల ఎవరి ఫీజు భారమైతదో అది చూడు.

లెక్కల_లచ్చన్న
ఇప్పుడు అసలు కష్టం చెప్తున్న, టాపిక్ మంచిగున్నది కాబట్టి. నువ్వు పోయి లైబ్రరీల కూసోని ఇంటర్వ్యూలు తీస్కుంటే నీకు దొరికేది ఎవరు? ఉన్నోళ్లు. పోయినోళ్లు ఆడ ఉండరు గద. సాంబారు చెల్లె లాంటోళ్లు ఒక్కరు గూడ నీ శాంపిల్‌ల రారు, నువ్వేమో "ఆశ వదులుకోని యువత" అని చాప్టర్ రాస్తవు. ఆశ వదులుకున్నోళ్లు బస్సెక్కి పోయిండ్రు, అందుకే కనపడ్తలేరు. ఉండుడు, పోవుడు రెండు తెల్వాలంటే రెండు రకాల మనుషులు కావాలె, పోయినోళ్లను ఊర్లల్ల వెతుక్కోవాలె. టెలిగ్రాం గ్రూపులు, పాత రూంమేట్లు, ఒకరి నుంచి ఒకరు అట్ల పట్టుకోవచ్చు. కానీ దాన్నే స్నోబాల్ పద్ధతి అని రాసి చేతులు దులుపుకోకు, నీ సర్కిల్ వాళ్లే నీకు తగుల్తరు, నీ కులం, నీ జిల్లా, నీ కాలేజీ. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చినోళ్లు, ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్లు వేరే దారుల్ల రావాలె.

గోదారి_గట్టు
చూశారా, ఇంతసేపూ టాపిక్ ఎంత బాగుందో అన్నారు, ఇప్పుడు 33 జిల్లాలు తిరగమంటున్నారు. కుర్రాడికి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఉందా లేదా అని ఎవరైనా అడిగారా? జేఆర్ఎఫ్ ఉంటే నెలకి 37,000, లేకపోతే ట్యూషన్లు చెప్పుకుంటూ చెయ్యాలి. మా గైడ్ గారి టాపిక్ ఎందుకు తీసుకున్నానో ఇప్పుడైనా అర్థమైందా.

జగిత్యాల_పోరడు
జేఆర్ఎఫ్ లేదన్న. యూజీసీ నెట్ పరీక్ష స్కోర్ మీద సీటొచ్చింది, అంతే.

తార్నాక_దుమ్ము
గట్టు గారి మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటున్నా. ఫెలోషిప్ లేనివాడి ఫీల్డ్ బస్ పాస్ తిరిగే దూరంలో ఉండాలి. అయితే ఇతనికి సగం ఫీల్డ్ విద్యానగర్ దాటితే వచ్చేస్తుంది, క్యాంపస్ పక్కనే. ఊళ్లకి వెళ్లిపోయినవాళ్లలో తన ఉమ్మడి జిల్లా వరకు తీసుకుని, పండక్కి ఇంటికి వెళ్లినప్పుడల్లా చేసుకోవచ్చు. మిగతా ప్రాంతాలవాళ్లు సిటీలోనే వేరే ఉద్యోగాల్లో ఉంటారు, ప్రైవేట్ స్కూళ్లలో, డెలివరీల్లో, కోచింగ్ సెంటర్లలోనే టీచర్లుగా. పరిధి ఇంతే అని సినాప్సిస్‌లో ముందే రాసుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

నా సంగతి చెప్తా, హిస్టరీ మాది. 1908 సెప్టెంబర్ మూసీ వరద మీద చెయ్యాలనుకున్నా. వరద గురించి, ఇంజనీర్ విశ్వేశ్వరయ్య గురించి, తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ చెరువు గురించి అందరూ రాశారు. నాకు కావల్సింది ఒడ్డున ఇళ్లు పోయిన మామూలు జనాన్ని తర్వాత ఎక్కడ పెట్టారని. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి బస్తీలు తీసేయడం, కొత్త ఇళ్లు కట్టడం మొదలుపెట్టారు కదా, ఆ కాగితాలు. ప్రశ్న బాగుంది, గైడ్‌కీ నచ్చింది. పాత ప్రభుత్వ కాగితాలు దాచే తార్నాక ఆర్కైవ్స్‌కి వెళ్తే ఫైళ్లూ ఉన్నాయి. అన్నీ ఉర్దూలో, అదీ గొలుసుకట్టు చేతిరాతలో, అచ్చు ఉర్దూ చదవగలిగేవాళ్లకే కళ్లు తిరుగుతాయి. అప్పుడు రెండు దారులు. ఒకటి, 1926 నుంచి గోలకొండ పత్రిక ఉంది కాబట్టి కాలాన్ని ముందుకి జరిపి తెలుగు పత్రికల మీద చేసుకోవడం. రెండోది ఉర్దూ నేర్చుకోవడం. నేను నేర్చుకున్నా. నాతోటి అమ్మాయి పత్రికల దారి పట్టింది, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూర్చుని చక్కగా ముగించింది, ఇప్పుడు లెక్చరర్. ఎవరిది సరైన దారని నన్నడక్కండి.

కోఠి_సెకండ్‌హ్యాండ్
అక్కా నువ్వింకా సబ్మిట్ చెయ్యలేదా

తార్నాక_దుమ్ము
అడక్కండి అన్నా కదా.

పిపెట్_రాణి
మీ ఆర్ట్స్ వాళ్లని చూస్తే కుళ్లుగా ఉంది, టాపిక్ ఎంచుకోవడమట! మా ల్యాబ్‌లో చేరిన రోజే "ఈ ప్రాజెక్ట్‌లో పోస్ట్ ఖాళీగా ఉంది, ఈ ప్రోటీన్ నీది" అన్నారు. ఎందుకు ఈ ప్రోటీన్ అంటే గ్రాంట్ దాని మీద వచ్చింది కాబట్టి. అయినా ఎంపిక అసలు ఉండదని కాదు, ల్యాబ్‌ని ఎంచుకునేటప్పుడే టాపిక్‌ని ఎంచుకున్నట్టు. మా జూనియర్లకి నేను చెప్పేది ఒకటే, చేరేముందు ఆ ల్యాబ్ నుంచి బయటకొచ్చిన చివరి రెండు మూడు థీసిస్‌లు తీసి ఆఖరి చాప్టర్ చదవండి. మిగిలిపోయిన పని అని అందులో రాసిపెట్టి ఉంటుంది, మీకిచ్చేది దాదాపు అదే. నచ్చకపోతే అప్పుడే తప్పుకోవచ్చు. ఇంకోటి, గ్రాంట్ ఎప్పటిదాకా ఉందో సిగ్గుపడకుండా అడగండి. నా ఫ్రెండ్‌కి మధ్యలో డబ్బులు ఆగిపోయి, కెమికల్స్ కొనలేక, చేతిలో ఉన్న శాంపిల్స్‌తోనే వేరే ప్రశ్న వెతుక్కోవాల్సి వచ్చింది. ఏ ల్యాబో చెప్పను, మళ్లీ అక్కడే పోస్ట్‌డాక్‌కి అప్లై చెయ్యాలి నేను.

నిద్రపోని_స్కాలర్
ఇరానీ చాయ్ మీద చెయ్యమని ఎవరూ చెప్పలేదేంటి ఇంకా, హైదరాబాద్ థ్రెడ్ కదా ఇది. ఫీల్డ్‌వర్క్ అని చెప్పి రోజూ ఉస్మానియా బిస్కెట్లు.

రిటైరైన_మాస్టారు
చాయ్ మీద కూడా మంచి పని చెయ్యవచ్చు నాయనా. ఆ హోటళ్లు ఎవరు నడిపేవారు, ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు, మూలమీది స్థలాల ధర పెరిగాక ఎవరు అమ్ముకున్నారు అని అడిగితే అది ఆస్తుల కథ అవుతుంది. బిస్కెట్ల దగ్గర ఆగిపోతే ఆదివారం అనుబంధం వ్యాసం అవుతుంది.

ఇక ఈ అబ్బాయికి కొన్ని ఆఫీసు సంగతులు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, కోర్స్‌వర్క్ కూడా అందులోనే. ఆ తర్వాత రీరిజిస్ట్రేషన్ మీద ఇంకో రెండేళ్లు. ఆరేళ్లు చాలా ఎక్కువనిపిస్తుంది, టాపిక్ రెండుసార్లు మారితే తెలుస్తుంది ఎంత తక్కువో. మీ గైడ్ సర్వీసు ఎంత ఉందో కనుక్కున్నావా? మూడేళ్లలోపు రిటైరయ్యేవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదని ఉంది కాబట్టి నీకు అంత భయం లేదు, కానీ నాలుగో ఏట వెళ్లిపోయేవారైతే, నీ విషయం మీద కొంతైనా ఆసక్తి ఉన్న మరొకరు డిపార్ట్‌మెంట్‌లో ఉండాలి. ఆర్నెల్లకోసారి అడ్వైజరీ కమిటీ ముందు కూర్చోవాలి కదా, ఆ కమిటీలో ఎవరున్నారో చూసుకో. టాపిక్‌ని కాపాడేది సగం వాళ్లే.

గోదారి_గట్టు
మాస్టారు గారు చెప్పింది నేను చెప్పిందే కదా, గైడ్‌తో గొడవ పెట్టుకోవద్దని.

రిటైరైన_మాస్టారు
కాదు. గైడ్‌ని ఒప్పించమంటున్నాను. ఆయన సంఘాల మీద చెయ్యమన్నది ఎందుకో అడిగావా బాబూ? ఆయన గ్రామీణ కుటుంబాల మీద పని చేసినవారైతే, పిల్లల్ని కోచింగ్‌కి పంపడానికి డబ్బు ఎక్కడిదని నువ్వు అడగబోతున్నావు. చాలా ఇళ్లలో ఆ అప్పు సంఘం నుంచే వచ్చి ఉంటుంది. ఆయనకి తెలిసిన తలుపు నుంచి నీ ఇంట్లోకి రావచ్చు.

జగిత్యాల_పోరడు
సార్!! మా అమ్మ సంఘంలనే తెచ్చింది నా ఫీజుకు.

హాస్టల్_సాంబారు
మా అమ్మ గూడ. అన్న ఫీజుకు.

మోడరేటర్
ఇక్కడ "టాపిక్ నుంచి థీసిస్ దాకా ప్యాకేజీ" అని ఒక ప్రకటన పోస్టు పడింది, తీసేశాను. అలాంటివి కనిపిస్తే రిపోర్ట్ కొట్టండి, బేరాలు ఆడకండి.

నిద్రపోని_స్కాలర్
రేటెంతో చూసేలోపే తీసేశారు

పిపెట్_రాణి
ఆ ప్యాకేజీల్లో ఇచ్చేవి పాత థీసిస్‌లే, ఊరి పేర్లు మార్చి. యూజీసీ 2018 రూల్‌లో పోలిక పది శాతం దాటితే అడుగుతారు, అరవై దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్. డబ్బులు పోయి, సీటూ పోయి, ఎవడి మీద కంప్లెయింట్ ఇస్తాం?

లెక్కల_లచ్చన్న
మళ్ల టాపిక్‌కి వద్దం. పోరడా, నువ్వు ఆ బ్యాచోనివే, అది మంచిదే, అందరు నీతోని మాట్లాడ్తరు. కానీ నువ్వు బయటపడ్డోనివి, వాళ్లు ఇంకా ఆడనే ఉన్నరు. నీకు అంతా తెల్సు అన్నట్టు పోతే అసలు ప్రశ్నలే అడుగవు. 300 మందికి ప్రశ్నావళి పంచి, "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "పూర్తిగా విభేదిస్తాను" దాకా టిక్కులు పెట్టించి, కై స్క్వేర్ అనే లెక్కల టెస్టు కొట్టి చాప్టర్ చేయకు, అది ఒక్కటి మాత్రం నా కోరిక.

గోదారి_గట్టు
నా థీసిస్ మొత్తం కై స్క్వేరే

లెక్కల_లచ్చన్న
అన్నా నీ గురించి కాదు. కొంచెం నీ గురించే.

తార్నాక_దుమ్ము
చదవాల్సినవాటిల్లో ఒకటి చెప్తా. క్రెయిగ్ జెఫ్రీ అనే ఆయన మీరట్‌లో చదువుకుని ఉద్యోగం లేక రోజులు గడిపే కుర్రాళ్ల మీద పని చేశాడు, 2010లో పుస్తకంగా వచ్చింది. కమిటీ కచ్చితంగా అడుగుతుంది, మీరట్‌కి హైదరాబాద్‌కి తేడా ఏంటని. జవాబు తయారుగా ఉంచుకో. అక్కడ కాలేజీ, రాజకీయాలు చుట్టూ తిరిగే కుర్రాళ్లు. ఇక్కడ ఒక పరీక్ష, దాని తేదీ, దాని రద్దు. పైగా ఇక్కడ ఆడపిల్లలు కూడా అదే గదిలో కూర్చుని చదివారు, వాళ్ల గడువు వేరే చోట నిర్ణయమైంది.

హాస్టల్_సాంబారు
ఒక మాట. 2023 చివర అశోక్ నగర్‌ల ప్రిపేర్ అయ్యే ఒక పిల్ల ప్రాణం తీస్కున్నది అందరికి గుర్తున్నది, పేర్లు వద్దు. ఇంటర్వ్యూ అని పోయి రద్దయిన రోజు నీకెట్లనిపించింది అని అడుగుతవు, ఆమె ఏడుస్తది, నువ్వు రికార్డర్ బంద్ చేసి ఇంటికి పోతవు. ఆమె మాత్రం ఆ రాత్రి ఒక్కతే ఆ రూంల. దానికి ఏం చేస్తవో ముందే ఆలోచించు.

రిటైరైన_మాస్టారు
చాలా సరైన మాటమ్మా. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో ఇది రాయాలి. పేర్లు మార్చడం ఒక్కటే సరిపోదు, స్టడీ హాల్ పేరు, ఊరు, ర్యాంకు మూడూ కలిపి రాస్తే అశోక్ నగర్‌లో ఎవరో అందరికీ తెలిసిపోతుంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అది ప్రతి ఒక్కరికీ ఇచ్చి రావాలి. రద్దయిన రోజు గురించి మొదటి సిట్టింగులోనే అడగకు.

జగిత్యాల_పోరడు
అన్నీ రాసుకున్న. ఇట్ల అనుకుంటున్న, చూడండి. "పరీక్ష రద్దయినప్పుడు ఎవరు ఉంటారు, ఎవరు వెళ్లిపోతారు? – హైదరాబాద్ అశోక్ నగర్ ప్రాంతంలో 2022–24 గ్రూప్ వన్ అభ్యర్థులు, వారి కుటుంబాల నిర్ణయాలు". లోపల రెండు భాగాలు, ఉన్నోళ్లు, పోయినోళ్లు. ఫీజు పైసలు ఏడికెళ్లి వచ్చినయో దాని మీద ఒక చాప్టర్, అది సార్ కోసం. నాకోసం గూడ.

కోఠి_సెకండ్‌హ్యాండ్
దిల్‌సుఖ్‌నగర్ ఏం పాపం చేసింది? కానిస్టేబుల్, టీచర్ పోస్టులకు ప్రిపేర్ అయ్యెటోళ్లు సగం మంది ఆడనే ఉంటరు.

తార్నాక_దుమ్ము
వద్దు. దిల్‌సుఖ్‌నగర్ పెడితే పరీక్షలు మారిపోతాయి, మళ్లీ మొదటి టైటిల్ దగ్గరికి వెళ్తాం.

లెక్కల_లచ్చన్న
నేనైతే పెట్టమనే అంట. గ్రూప్ వన్ ఒక్కటే అంటే కొంచెం ఉన్నోళ్ల పిల్లలు ఎక్కువ తగుల్తరు. కానిస్టేబుల్‌కి వచ్చేటోళ్ల ఇండ్ల సంగతి వేరే ఉంటది.

తార్నాక_దుమ్ము
అది రెండో పీహెచ్‌డీ లచ్చన్నా, నువ్వు చెయ్యి.

రిటైరైన_మాస్టారు
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. బాబూ, కమిటీకి వెళ్లేముందే డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఒక ఉత్తరం తీసుకుని చిక్కడపల్లి లైబ్రరీలో ఇవ్వు. అది నగర గ్రంథాలయ సంస్థ కిందిది, అనుమతి కాగితం రావడానికి టైం పడుతుంది. ప్రైవేట్ హాళ్లవాళ్లు కాగితం అడగరు, కానీ మాట మార్చవచ్చు, ఒకరిద్దరిని అదనంగా మాట్లాడి పెట్టుకో.

జగిత్యాల_పోరడు
సరే సార్. సాంబారు అక్కా, మీరు ఒప్పుకుంటే ఒకసారి మాట్లాడాలె. ఇప్పుడే కాదు, ఎథిక్స్ కాగితం వచ్చినంక.

హాస్టల్_సాంబారు
మధ్యాహ్నం పిల్లలు పండుకున్నప్పుడు చెయ్యి. అన్న నంబర్ గూడ ఇస్త, ఆయన చెప్పేది వేరే ఉంటది.

నిద్రపోని_స్కాలర్
ఇదే ఊపులో నాకూ ఒక టాపిక్ చెప్పండి, పొలిటికల్ సైన్స్, గైడ్ ఫోన్ ఎత్తడు

మోడరేటర్
కొత్త థ్రెడ్ వేసుకోండి.